ఓడ ఆగిన పూట మాల్టాలో బస్సు ప్రయాణం: తిరుగుదారి లెక్క

క్రూయిజ్ ఓడ ఒక దీవి దగ్గర ఆగేది సాధారణంగా ఎనిమిది నుంచి పది గంటలు. ఆ పూట దీవిని స్థానిక బస్సుల్లో సొంతంగా చూసి రావచ్చా అని ఆలోచించేవారు ముందుగా చూసేది దూరం. పటంలో పన్నెండు కిలోమీటర్లు కనబడితే ధైర్యం వస్తుంది, ముప్పై కనబడితే వెనకడుగు వేస్తారు. దీవుల్లో ఈ కొలత పెద్దగా పనికిరాదు. బస్సు ఎక్కడ మొదలవుతుంది? తిరుగు ప్రయాణంలో దాన్ని ఏ స్టాపులో అందుకోవాలి? అది అందకపోతే వేరే దారి ఏముంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే పాతిక కిలోమీటర్లైనా నిశ్చింతగా వెళ్లి రావచ్చు. దొరకనప్పుడు అయిదు కిలోమీటర్లు కూడా ప్రమాదమే.

మధ్యధరా సముద్రంలోని మాల్టా ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి చాలా మంచి ఉదాహరణ. సిసిలీకి దక్షిణాన ఉన్న ఈ దేశం మొత్తం వైశాల్యం 316 చదరపు కిలోమీటర్లు. అందులో ప్రధాన దీవి 246. పక్కనే చిన్న దీవి గోజో. 2021 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ఉండేవారు దాదాపు 5.2 లక్షల మంది, రోడ్ల మీద వాహనాలు మాత్రం 4 లక్షలకు పైగా ఉన్నాయి. ఇంత ఇరుకైన చోట ఎంత దూరం అన్నదానికంటే ఎంతసేపు అన్నదే ముఖ్యమవుతుంది.

ఓడలు ఆగేది రాజధాని వాలెట్టా పక్కనున్న గ్రాండ్ హార్బర్‌లో. ప్రయాణికులు దిగే పింటో రేవు గట్టున కనిపించే రాతి గిడ్డంగులు 1752 నాటివి. రేవు నీటి మట్టంలో ఉంటుంది. నగరమేమో ఎత్తైన కొండగట్టు మీద, కోటగోడల వెనక ఉంటుంది. ఒకప్పుడు ఈ ఎత్తే ఓడ ప్రయాణికులకు మొదటి అడ్డంకి. 1905లో కట్టిన లిఫ్టు 1973లో మూతపడింది, తర్వాత దాన్ని విప్పేశారు. 2012 డిసెంబరులో కొత్త లిఫ్టు వచ్చింది. ఓడ దగ్గర నుంచి రేవు వెంట పది పదిహేను నిమిషాలు నడిస్తే లిఫ్టు చేరవచ్చు. అది 58 మీటర్లు పైకి తీసుకెళ్లి అప్పర్ బరాక్కా తోటలో దింపుతుంది. అక్కడి నుంచి నగర ద్వారం దాకా మరో కొద్ది నిమిషాల నడక. ద్వారం బయట ట్రైటన్ ఫౌంటెన్ పక్కనే బస్‌స్టాండ్.

మాల్టా ప్రధాన దీవిలోని బస్సు మార్గాల్లో చాలా భాగం ఈ బస్‌స్టాండ్ నుంచే బయలుదేరతాయి. ఊళ్లన్నీ రాజధానివైపు ముఖం పెట్టుకుని పెరిగాయి కాబట్టి దారులు కూడా అలాగే పడ్డాయి. 1883 నుంచి 1931 దాకా నడిచిన రైలు కూడా వాలెట్టా నుంచి పాత రాజధాని మ్దీనా వైపు వెళ్లేదే. యజమానులే డ్రైవర్లుగా నడిపిన పసుపు రంగు పాత బస్సులు 2011లో వెళ్లిపోయాయి. కొత్త సంస్థలు వచ్చాయి, ఏర్పాట్లు మారాయి, కానీ వాలెట్టా కేంద్రంగా దారులు విస్తరించే పద్ధతి నిలిచింది. దీవి జనం అవసరాల కోసం తయారైన ఈ అమరిక ఓడ ప్రయాణికులకు అనుకోని వరమైంది. ప్రపంచంలో ఎన్నో క్రూయిజ్ రేవుల నుంచి ఊరికి వెళ్లడానికే ఒక షటిల్ బస్సు, అక్కడి నుంచి అసలు బస్సుకు మరో నడక తప్పవు. వాలెట్టాలో రేవు నుంచి అరగంటలోపే దీవి మొత్తం అందుబాటులోకి వస్తుంది.

టికెట్ విషయంలో కంగారు అక్కరలేదు. సందర్శకులు డ్రైవరు దగ్గర డబ్బిచ్చి టికెట్ కొనవచ్చు, లేదా తాకితే చెల్లింపు జరిగే బ్యాంకు కార్డును యంత్రం మీద ఉంచవచ్చు. పగటి బస్సులో ఒక టికెట్ రెండు యూరోల నుంచి మూడు యూరోల లోపు ఉంటుంది. రెండు గంటల వరకు బస్సు మారినా అదే చెల్లుతుంది. భారత్ నుంచి తెచ్చుకున్న ఫారెక్స్ కార్డుకు ఈ సదుపాయం ఉందో లేదో బయలుదేరే ముందే బ్యాంకులో అడిగి, అవసరమైతే ఆన్ చేయించుకోవాలి.

అసలు సమస్య తిరుగు ప్రయాణంలో ఉంది. పొద్దున్న వాలెట్టాలో బస్సు ఖాళీగా వచ్చి నిలబడుతుంది. వరుసలో ముందున్నవారికి సీటు ఖాయం. సాయంత్రం మ్దీనాలో పరిస్థితి వేరు. అక్కడ బస్సు మొదలవదు. డింగ్లీ వంటి అవతలి ఊళ్ల నుంచి జనాన్ని ఎక్కించుకుని వస్తుంది. బస్సు మొదలయ్యే చోట ఎక్కేవారికి కిటికీ పక్క సీటు, దారిలో ఎక్కేవారికి ఫుట్‌బోర్డు అన్న సంగతి ఆర్టీసీ బస్సుల్లో తిరిగిన ఎవరికైనా తెలుసు. మాల్టాలో ఆ ఫుట్‌బోర్డు కూడా ఉండదు. లోపల నిండిన బస్సు స్టాపులో చెయ్యి ఊపినా ఆగకుండా వెళ్లిపోతుంది. తర్వాతి బస్సు కూడా నిండి వస్తే? ఓడ మీద ఉన్న టైమ్‌టేబుల్ కాగితంలో ఇరవై నిమిషాలకొకటి అని కనబడిన బస్సు, స్టాపులో నిలబడినవారికి గంటకొకటి అవుతుంది. వెళ్లేటప్పుడు పట్టిన సమయాన్ని రెట్టింపు చేసి రోజు ప్రణాళిక వేసుకునేవారు తప్పు చేసేది ఇక్కడే. రెండు ప్రయాణాల దూరం ఒకటే అయినా వాటి అనిశ్చితి ఒకటి కాదు.

దీనికి స్థానికులు పాటించే ఉపాయం ఒకటుంది. బస్సు వచ్చే దిశలో ఒకటి రెండు స్టాపులు వెనక్కి నడవడం. మ్దీనా కోట ద్వారం దగ్గరి స్టాపులో పర్యాటకులంతా గుమిగూడతారు. దాన్ని ఆనుకునే ఉన్న రబాత్ ఊళ్లోకి కొద్దిదూరం నడిచి, బస్సు ముందుగా ఆగే స్టాపులో నిలబడితే ఎక్కగలిగే అవకాశం పెరుగుతుంది. రబాత్ ఎలాగూ చూడదగ్గ ఊరే. భూగర్భ సమాధులు, పాత వీధులు, రొట్టె వాసన వచ్చే బేకరీలు అక్కడ ఉన్నాయి. మ్దీనా చూసి, రబాత్‌లో భోంచేసి, అక్కడే బస్సెక్కడం అన్ని విధాలా మేలు. స్టాపులో నిలబడినప్పుడు చెయ్యి చాపి బస్సును ఆపాలని కూడా గుర్తుంచుకోవాలి. చూస్తూ ఊరుకుంటే సీట్లున్న బస్సు కూడా ఆగకపోవచ్చు.

గడియారం పెట్టుకుని చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఓడ ఉదయం 8 గంటలకు వచ్చి సాయంత్రం 6 గంటలకు బయలుదేరుతుందనుకుందాం. అందరూ ఓడలో ఉండాల్సిన సమయం సాధారణంగా దానికి అరగంట ముందు, అంటే 5:30. ఓడను గట్టుకు కట్టడం, అనుమతులు, దిగేవారి వరుస అన్నీ దాటి నేల మీద కాలు పెట్టేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. లిఫ్టెక్కి బస్‌స్టాండ్ చేరేసరికి తొమ్మిదింపావు. 51, 52, 53 నంబర్లలో ఏదో ఒకటి తొమ్మిదిన్నరకు దొరికితే పదింబావు ప్రాంతంలో మ్దీనా. రెండున్నర గంటలు అక్కడ గడిపినా ఒంటి గంటకల్లా స్టాపుకు రావచ్చు. అప్పటికింకా బడులు, ఆఫీసులు వదలవు. రెండు బస్సులు ఆగకుండా పోయినా రెండున్నరకు వాలెట్టాలో ఉంటారు. మిగిలిన సమయమంతా నడిచి చూడగలిగే నగరానికి.

అంటే దూరపు చోటుకు పొద్దున్న, దగ్గరి చోటుకు మధ్యాహ్నం. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. లిఫ్టు దిగగానే వాలెట్టా అందం కళ్లకు కట్టేస్తుంది. సెయింట్ జాన్స్ కో-కేథడ్రల్‌లో కారవాజ్జో 1608లో వేసిన పెద్ద చిత్రం, రిపబ్లిక్ వీధి, తోటలోంచి రేవు దృశ్యం, ఇవన్నీ చూసేసరికి మధ్యాహ్నమవుతుంది. ఆ తర్వాత బస్సెక్కి మ్దీనా వెళితే తిరుగు ప్రయాణం సరిగ్గా సాయంత్రపు రద్దీలో పడుతుంది. మ్దీనా నుంచి వచ్చే బస్సు వాలెట్టా దగ్గరయ్యే కొద్దీ జనసమ్మర్దం ఎక్కువున్న ఊళ్లగుండా రావాలి. పొద్దున్న నలభై నిమిషాలు పట్టిన దారి ఆ వేళకు ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. వాలెట్టా మాత్రం ఎక్కడికీ పోదు. ఆఖరి గంటలు గడపడానికి అంతకంటే మంచి చోటు లేదు, ఎందుకంటే అక్కడి నుంచి ఓడకు నడిచే దారి ఏ ట్రాఫిక్కు మీదా ఆధారపడదు.

మిగతా చోట్లకూ ఇదే కొలబద్ద పెట్టి చూడవచ్చు. చేపల పల్లె మార్సాష్‌లొక్‌కు 81, 85 నంబరు బస్సులు వెళతాయి. రంగురంగుల పడవలు, ఆదివారం పూట జరిగే సంత దాని ప్రత్యేకత. ఆదివారం ఆగే ఓడలోని వారు ఆ సంతకు వెళ్లాలనుకోవడం సహజమే, కానీ దీవిలో సగం మందికి అదే ఆలోచన వస్తుంది. అందుకే తొలి బస్సుల్లో వెళ్లి, సంత సందడి తారస్థాయికి రాకముందే వెనక్కి బయలుదేరడం మంచిది. అయిదు వేల ఏళ్లకు పైబడిన రాతి ఆలయాలున్న హజార్ ఇమ్‌కు 74 వెళుతుంది. ఆ మార్గంలో బస్సులు పలచగా ఉంటాయి, ఆలయాల చుట్టూ ఎండ తప్ప నీడ ఉండదు. తిరుగు బస్సు సమయం చూసుకున్నాకే లోపలికి వెళ్లాలి. పావోలాలోని భూగర్భ సమాధి మందిరం హైపోజియంలోకి గంటకు పదిమందిని మాత్రమే అనుమతిస్తారు. టికెట్ వారాల ముందే కొనుక్కోవాలి, దానిమీద సమయం అచ్చయి ఉంటుంది. బస్సు దూరం తక్కువే అయినా అంత అరుదైన టికెట్టు చేతిలో ఉన్నప్పుడు బస్సు కోసం వేచి చూడటం తెలివైన పని కాదు. వెళ్లేటప్పుడు టాక్సీ, వచ్చేటప్పుడు బస్సు అన్నది ఇక్కడ సరైన విభజన.

గోజో విషయంలో పటం చూసి చేసే అంచనా పూర్తిగా తప్పుతుంది. బస్సులో వెళ్లాలంటే వాలెట్టా నుంచి ఉత్తరపు కొస చిర్కెవ్వా దాకా 41 లేదా 42లో గంటకు పైగా, అక్కడ పెద్ద ఫెర్రీలో దాదాపు 25 నిమిషాలు, మ్జార్ రేవులో దిగాక మళ్లీ బస్సు. ఓడ ప్రయాణికులకు ఇది సాధ్యం కాదనే చెప్పాలి. 2021లో వాలెట్టా నుంచి నేరుగా వేగపు పడవలు మొదలయ్యాక పరిస్థితి మారింది. అవి బయలుదేరేది గ్రాండ్ హార్బర్‌లోనే, లిఫ్టు కింద నుంచే. క్రూయిజ్ ఓడ దిగి కొండెక్కే పని లేకుండా పడవెక్కితే ముప్పావు గంటలో గోజో. అక్కడి నుంచి ముఖ్యపట్టణం విక్టోరియాకు బస్సు కొద్ది నిమిషాల ప్రయాణమే. వినడానికి ఎంత సులువుగా ఉన్నా, ఈ ప్రయాణానికి ఆధారం గాలి. సముద్రం పోటెత్తినప్పుడు వేగపు పడవలు ఆపేస్తారు. శీతాకాలంలో ఈశాన్యం నుంచి వీచే గ్రెగాలె గాలి ఈ దీవుల మీద విరుచుకుపడుతుంది. పొద్దున్న వెళ్లిన పడవ మధ్యాహ్నం రద్దయితే పెద్ద ఫెర్రీ, బస్సు కలిపి రెండు గంటల పైచిలుకు దారి ఒక్కటే మిగులుతుంది. ప్రధాన దీవిలో ఎక్కడ చిక్కుకున్నా టాక్సీ గట్టెక్కిస్తుంది. మధ్యలో సముద్రం ఉన్నప్పుడు టాక్సీ ఏమీ చేయలేదు. వేసవిలో, వాతావరణ సూచన నిలకడగా ఉన్న రోజున, ఓడ రాత్రి దాకా ఆగే పక్షంలోనే గోజో మంచి ఆలోచన.

దీనికి పూర్తిగా భిన్నమైనది అదే రేవు అవతలి ఒడ్డు. బిర్గు, సెంగ్లియా, బోర్మ్లా అనే మూడు పాత నగరాలు వాలెట్టాకు ఎదురుగానే ఉన్నాయి. లిఫ్టు కిందనుంచే చిన్న ఫెర్రీ కొన్ని నిమిషాల్లో అక్కడికి చేరుస్తుంది. 1565 నాటి ఆటోమన్ ముట్టడిని, అప్పట్లో దీవిని ఏలిన క్రైస్తవ యోధుల సంఘం నైట్స్ ఎదుర్కొన్నది ప్రధానంగా ఆ ఒడ్డు నుంచే. ఆ తర్వాతే వాలెట్టా కట్టారు. రోడ్డు మీద ఎంత రద్దీ ఉన్నా నీళ్ల మీద ఉండదు. తిరుగు పడవ నిండిపోయినా మరొకటి త్వరగానే వస్తుంది, బస్సూ ఉంది, టాక్సీ కూడా దగ్గరే. మొదట్లో అడిగిన మూడు ప్రశ్నలకూ ఇంత మంచి జవాబులున్న ప్రయాణం మాల్టాలో ఇంకొకటి లేదు. అయినా ఒక్కపూట సందర్శకుల్లో చాలామంది బస్సులో మ్దీనా వెళ్లడాన్నే ఏకైక మార్గంగా భావించి దీన్ని వదిలేస్తారు. ఇది నిజంగా బాధాకరం.

రేవు దగ్గరే కనిపించే పర్యాటక బస్సులను కూడా కొందరు ప్రజా రవాణాగానే భావిస్తారు. ఎక్కడైనా దిగి, మళ్లీ ఎక్కే వీలున్న ఆ డబుల్ డెక్కర్లు ఒకే దిశలో చుట్టు తిరుగుతాయి. మూడో స్టాపు నుంచి రేవుకు వెనక్కి రావాలంటే మిగతా చుట్టంతా పూర్తి చేయాల్సిందే. టికెట్ ధర ఎక్కువ, సమయం కూడా ఎక్కువ. నడవలేని పెద్దవారు వెంట ఉండి, కూర్చుని దీవి చూస్తే చాలనుకునే కుటుంబాలకు అవి ఉపయోగం. ఒక చోటుకు వెళ్లి రావాలనుకునేవారికి మామూలు బస్సే మేలు.

ఇక్కడ స్థానికుల వైపు నుంచి కూడా చూడాలి. 2022 అక్టోబరు 1 నుంచి మాల్టా నివాసులకు బస్సు ప్రయాణం ఉచితం. కార్ల మోజు తగ్గించి రోడ్లకు ఊపిరి పోయాలన్నది దాని ఉద్దేశం. ఆ బస్సుల్లో ఆస్పత్రికి వెళ్లే వృద్ధులు, హోటళ్లలో షిఫ్టు ముగించుకున్న కార్మికులు ఉంటారు. ఆ కార్మికుల్లో భారతీయులు చాలామంది. 2021 జనాభా లెక్కల్లో అక్కడి విదేశీయుల్లో ఇటాలియన్లు, బ్రిటిషర్ల తర్వాతి స్థానం భారతీయులదే. ఒకే పూట మూడు నాలుగు వేలమందిని దింపే ఓడ ఈ బస్సుల మీద ఎంత భారం వేస్తుందో ఊహించడం కష్టం కాదు. డబ్బు చెల్లించే సందర్శకుడికి బస్సెక్కే హక్కు ఉంది, సందేహం లేదు. సాయంత్రం పని వదిలే వేళకు ముందే తిరిగి వచ్చేస్తే సందర్శకుడికి చోటు దొరుకుతుంది, అలసి ఇంటికి వెళ్లేవారికీ దొరుకుతుంది. ఈ విషయంలో రెండు పక్షాల ప్రయోజనం ఒకే వైపు ఉంది.

గ్రీసు దీవి శాంటొరీని చూస్తే చిక్కుముడి మరోచోట కనిపిస్తుంది. అక్కడ ఓడ గట్టుకు చేరదు. అగ్నిపర్వతం పేలి ఏర్పడిన లోతైన గుంటలో ఆగుతుంది, చిన్న పడవల్లో పాత రేవుకు చేరుస్తారు. పైన ఫీరా పట్టణం రెండు వందల మీటర్లకు పైబడిన ఎత్తులో, నిట్టనిలువు కొండ అంచున ఉంటుంది. ఎక్కడానికి ఉన్నవి కేబుల్ కారు, అయిదు వందలకు పైగా మెట్లు, కంచర గాడిదలు. కేబుల్ కారు గంటకు సుమారు 1,200 మందిని మోయగలదు. రోజుకు ఎనిమిది వేలమంది క్రూయిజ్ ప్రయాణికులను మించనీయరాదని స్థానిక పాలకులు పరిమితి పెట్టుకున్నారు. ఆ పరిమితిలోనే ఉన్నా అందరినీ ఒక దిశలో చేర్చడానికి ఆరున్నర గంటలు పైగా కావాలి. ఫీరా బస్‌స్టాండ్ నుంచి ఓయా ఊరు పదకొండు కిలోమీటర్లే, బస్సులు ఉన్నాయి, ధర తక్కువ. కానీ ఆ బస్సు సమయానికి వచ్చినంత మాత్రాన ఓడ అందుతుందన్న హామీ లేదు. కిందికి దిగే వరుసే అసలు ప్రయాణం. ఓడ ఏర్పాటు చేసిన కోచ్‌లో తిరిగినవారు కూడా చివరికి చాలాసార్లు ఆ వరుసలోనే నిలబడాలి. శాంటొరీనిలో కొలవాల్సింది కొండ అంచు నుంచి నీటి మట్టం దాకా పట్టే సమయాన్ని. మోకాళ్లలో సత్తువ ఉన్నవారికి మెట్లు దిగడం నమ్మకమైన దారి, ఎండనూ గాడిదల పేడనూ భరించగలిగితే.

ఓడ తప్పిపోతే ఏమవుతుందన్నది భారత పాస్‌పోర్టు ఉన్నవారు కాస్త ఎక్కువగా ఆలోచించాల్సిన విషయం. ఓడ ఏర్పాటు చేసిన యాత్రలో ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత వాళ్లు తీసుకుంటారు. సొంతంగా వెళ్లినవారికి ఆ భరోసా లేదు. మాల్టా 2007 నుంచి షెంగెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసాతో తిరిగే ఐరోపా దేశాల్లో ఉంది. తర్వాతి రేవు సిసిలీలో అయితే అదే వీసా మీద వాలెట్టా నుంచి పొత్సాల్లోకు రెండు గంటలలోపు చేర్చే పడవలో వెళ్లవచ్చు. తర్వాతి రేవు ట్యునీషియాలోనో తుర్కియేలోనో ఉంటే వీసా చిక్కు వచ్చిపడుతుంది. అందుకే పాస్‌పోర్టు ఓడలోనే ఉంచాల్సి వచ్చినా దాని నకలు, వీసా పేజీ నకలు, రేవులో ఓడ ఏజెంటు ఫోను నంబరు చొక్కా జేబులో ఉండాలి. గడియారం గురించి కూడా ఒక మాట. గ్రీసు సమయం మాల్టా కంటే గంట ముందు ఉంటుంది. ఒక దేశం నుంచి మరో దేశానికి వచ్చిన ఓడ తన గడియారాన్ని మార్చిందో లేదో దిగేటప్పుడే చూసుకోవాలి. ఫోను తనంతట తాను ఊరి సమయానికి మారిపోతుంది, ఓడ బయలుదేరేది ఓడ సమయం ప్రకారం.

తెలుగువారు ఎక్కువగా వెళ్లే క్రూయిజ్‌లు మధ్యధరావి కావు. హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు విమానంలో వెళ్లి, అక్కడ ఓడెక్కి పెనాంగ్, ఫుకెట్ చూసి వచ్చే మూడు నాలుగు రాత్రుల యాత్రలు ఎందరో చేస్తున్నారు. ఈ రెండూ దీవులే, తరచుగా ఒకే యాత్రలో వరుసగా వస్తాయి. అయినా వాటి మధ్య తేడా చాలా ఎక్కువ. పెనాంగ్‌లో ఓడ స్వెట్టెన్‌హామ్ రేవు గట్టుకే చేరుతుంది. 2008లో ప్రపంచ వారసత్వ హోదా పొందిన జార్జ్‌టౌన్ వీధులు ఎదురుగానే మొదలవుతాయి. పదిహేను నిమిషాలు నడిస్తే వెల్డ్ కీ బస్‌స్టాండ్. అక్కడ మొదలయ్యే 204 పెనాంగ్ కొండ అడుగున ఆఖరవుతుంది. అంటే తిరుగు ప్రయాణంలో కూడా బస్సు మొదలయ్యే చోటే ఎక్కవచ్చు. మాల్టాలో మ్దీనాకు లేని సౌకర్యం ఇది. అక్కడ జాగ్రత్త పడాల్సింది కొండెక్కే ఫ్యునిక్యులర్ రైలు వరుస గురించే. 1923లో మొదలై 2011లో కొత్త పెట్టెలతో మారిన ఆ రైలు సెలవు రోజుల్లో గంటలు తినేస్తుంది. 101లో బటు ఫెరింఘి సముద్రతీరానికి వెళ్లేవారు మాత్రం మధ్యదారి స్టాపులో తిరుగు బస్సు అందుకోవాలి, పైగా తీరం వెంట రోడ్డు ఇరుకు.

ఫుకెట్‌లో పెద్ద ఓడలు చాలావరకు పటోంగ్ తీరం ముందు సముద్రంలోనే లంగరు వేస్తాయి. చిన్న పడవల్లో ఒడ్డుకు రావాలి, తిరిగి వెళ్లేటప్పుడు ఆ పడవల కోసం వరుసలో నిలబడాలి. పాత పట్టణానికి వెళ్లే నీలం రంగు సాంగ్‌తేవ్ బండ్లు (బస్సుల్లా నడిచే, వెనక బెంచీలున్న ట్రక్కులు) ఉన్నాయి కానీ సాయంత్రానికే ఆగిపోతాయి, దారిలో కొండ దాటాలి. బస్సు ఎప్పుడొస్తుందో తెలియకపోవడం, పడవ వరుస ఎంతుంటుందో తెలియకపోవడం రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. పిల్లలు, పెద్దవారు వెంట ఉన్న కుటుంబం పటోంగ్ దాటి వెళ్లాలనుకుంటే అక్కడ డబ్బు ఎక్కువైనా ఓడవారి యాత్రే తీసుకోవాలి. పెనాంగ్‌లో బస్సులో తిరిగి మిగిల్చుకున్న డబ్బు ఆ ఖర్చులో కొంత భాగానికైనా సరిపోతుంది.